ఇప్పుడేం చేస్తున్నావు?

ఫార్మసీ పట్టాలు అందుకోబోతున్న విద్యార్థులారా!

రేపు ఊళ్లో బస్సు దిగగానే మిమ్మల్ని అందరూ ఒకటే అడుగుతారు: "ఇప్పుడేం చేస్తున్నావు?" ఉద్యోగం చేతిలో ఉన్నవాళ్లు కంపెనీ పేరు చెప్పి తప్పుకుంటారు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియక హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టల్లో కాలం గడిపేవాళ్లు ఏం చెబుతారు? అమెరికాలో ఎంఎస్ అయిపోయి, చదువయ్యాక పనిచేసుకోవడానికిచ్చే ఓపీటీ గడువు తరిగిపోతుంటే దరఖాస్తులు పంపుతూ కూర్చునేవాళ్లు? "సంబంధాలు చూద్దామా" అన్న మాట వంటింట్లోంచి చెవిన పడుతున్న అమ్మాయిలు? నేనీరోజు మాట్లాడేది వాళ్లతో. బంగారు పతకాలవాళ్లు ఏమీ అనుకోకండి.

ఇలాంటి సభల్లో యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు తలచుకోవడం ఆనవాయితీ. తలచుకునే తీరే నాకు నచ్చదు. భీమవరంలో పుట్టారు, హార్వర్డ్ వెళ్లారు, మందులు కనిపెట్టారు అంటూ మూడు ముక్కల్లో తారురోడ్డు వేసేస్తారు. ఆయన నడిచిన రోజుల్లో అక్కడ కాలిబాట కూడా లేదు.

1895లో పుట్టిన ఆ కుర్రాడు మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకుంటానంటే తల్లి ససేమిరా అంది. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ బదులు దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. సర్కారు వైద్యశాఖలో చోటు దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు చెప్పుకున్నారు. 1922లో బోస్టన్‌లో దిగాక పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేశారు. అప్పటికాయనకు ఇరవై ఏడేళ్లు. మీలో చాలామంది కంటే పెద్ద. "మావాడు సెటిలయ్యాడు" అని ఆ రోజు ఏ బంధువూ అని ఉండడు.

ఆ అయోమయంలో ఆయన చేసిన పనేమిటో చూడండి. హార్వర్డ్ శాస్త్రవేత్త సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని తయారుచేశారు. 1925లో అది అచ్చయింది. ఆయన చదవడానికి వెళ్లింది ఉష్ణమండల వ్యాధుల గురించి. వాటికీ ఈ కొలతకూ అప్పట్లో చుట్టరికమేమీ కనిపించదు. కానీ ఆ కొలత చేతికొచ్చాకే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఏటీపీ బయటపడ్డాయి. ఇంతా చేస్తే హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారారు. బోదకాలు రాకుండా మన జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర ఆయన నడిపిన పరిశోధనశాలలోంచే వచ్చింది.

అందుకని నేననేది ఇంతే. ఏమీ తోచని రోజుల్లో "నా జీవితం ఎటు పోతోంది" అని రాత్రంతా దొర్లితే నిద్ర పాడవుతుంది తప్ప జవాబు దొరకదు. సాయంత్రానికి అయిందో లేదో తేలిపోయే పని ఒకటి పెట్టుకోండి. నోటిఫికేషన్ వచ్చేలోపు మెడికల్ షాపులో నిలబడటం నామోషీ అనుకుంటారు మీలో కొందరు. మెథోట్రెక్సేట్ కూడా సుబ్బారావు గారి బృందం పనిలోంచి వచ్చిందే. కీళ్లవాతానికి దాన్ని వారానికొక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ సంగతి ఓ ముసలమ్మకు బోధపడేలా చెప్పి, వేసుకోవాల్సిన రోజు పేరు డబ్బా మీద తెలుగులో రాసిచ్చే మనిషి ఆ కౌంటరు వెనక ఉన్నాడా లేడా అన్నది చిన్న విషయం కాదు.

ఆయన కథలో మనం దాటేసే మనిషి ఒకరున్నారు, భార్య శేషగిరి. తిరిగొస్తానని వెళ్లిన భర్త 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు ఏడాదైనా నిండకుండా పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. ఎన్ని మందులు కనిపెట్టినా ఆ లెక్క చెల్లిపోయిందని నేననుకోను. దూరాన ఉండి దారి కానక తిరిగేవాళ్లు ఇంటికి ఫోన్ చేయడం మానేస్తారు. ఏం చెప్పాలో తెలియక, సిగ్గుతో. ఏమీ తేలలేదనే చెప్పండి, కానీ ఫోన్ చేయండి. ఇంట్లో చెప్పుకోలేని బరువైతే 14416 అనే ఫోన్ నంబరు ఉంది. టెలిమానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్లు బయటికి తీసి ఆ నంబరు ఇప్పుడే ఎక్కించుకోండి. ప్రిన్సిపాల్ గారు ఈ ఒక్కసారికి చూసీచూడనట్టు ఊరుకుంటారు.

వెనక వరుసల్లో ఉన్న అమ్మానాన్నలకు ఒక మనవి. "ఏం చేస్తున్నావు" అన్న ప్రశ్న ఊరివాళ్లు ఎలాగూ అడుగుతారు. ఈ ఏడాదికి దాన్ని వాళ్లకే వదిలేయండి. మీరు "తిన్నావా" అని అడగండి, చాలు.