మళ్ళీ మళ్ళీ వచ్చే లెక్క
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య దుకాణంలో బిల్లు వేసేముందు "ఫోన్ నంబరు చెప్పండి సార్" అంటున్నారు. మనం చెప్పేస్తున్నాం. ఆ నంబరు కింద చేరిన బిల్లులతో కంప్యూటరు ఏమి చేయగలదో నాలుగు మాటలు మనవి చేస్తాను.

వేలాది బిల్లులలో ఏయే వస్తువులు తరచుగా కలిసి వస్తున్నాయో వెతికే పద్ధతిని 1994లో రాకేశ్ అగ్రవాల్, రామకృష్ణన్ శ్రీకాంత్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అప్పుడు వారు అమెరికాలోని ఐబీఎం పరిశోధన కేంద్రంలో ఉన్నారు. దాని పేరు ఎప్రియోరి. పేరు కొత్తదే గాని పని మనకు పాతదే. ఓచర్లు తిరగేస్తూ కాగితం మీద గీతలు పెట్టి లెక్కించడమే.

చిక్కల్లా లెక్క పెరిగిపోవడంలో ఉంది. 100 వస్తువులుంటే జంటలు 4,950 అవుతాయి. మూడేసి కలిపితే 1,61,700. అన్నీ లెక్కించడం వృథా ప్రయాస. అందుకు వారు చూపిన ఉపాయం ఇది: ఒక వస్తువే అరుదుగా వస్తుంటే, అది కలిసిన ఏ జంటా తరచుగా రాజాలదు. కనుక దానిని ముందే కొట్టివేయవచ్చు.

ఐదు బిల్లులు తీసుకోండి. మొదటిది కాఫీపొడి, పంచదార, కందిపప్పు. రెండవది కాఫీపొడి, పంచదార. మూడవది కందిపప్పు, చింతపండు. నాలుగవది కాఫీపొడి, పంచదార, చింతపండు. ఐదవది కందిపప్పు, అగరువత్తులు. కనీసం మూడు బిల్లులలో ఉండాలని నియమం పెడితే చింతపండు, అగరువత్తులు తొలగిపోతాయి. పది జంటలకు బదులు మూడే లెక్కిస్తాం. నిలిచేది కాఫీపొడి, పంచదార జంట ఒక్కటే.

దుకాణంలో ఏ సరుకు పక్కన ఏది పెట్టాలో నిర్ణయించడానికి ఇది పనికివస్తుంది. ఒకే బిల్లు రెండుసార్లు పాసైతే పట్టుకోవడానికీ, బ్యాంకు ఖాతాలో మన అలవాటుకు విరుద్ధమైన చెల్లింపును గుర్తించడానికీ ఇటువంటి వెతుకులాట పద్ధతులే ఆధారం. మేలు లేదనను.

అయితే ఒక మాట. కలిసి రావడం వేరు, కారణం కావడం వేరు. పక్కింటి పెద్దాయన కోసం నెలనెలా మీరు షుగర్ మాత్రలు కొంటే, లెక్క ప్రకారం రోగి మీరే! మన సర్వీసులో ఎవరి కాగితం మీదనైనా అనుమానం వస్తే మెమో ఇచ్చి సంజాయిషీ అడిగేవాళ్ళం. జవాబు చూశాకే ఉత్తర్వు. యంత్రం చూపినది అనుమానమే గాని తీర్పు కాదు. దాని మాట మీద ఎవరి పెన్షనైనా, బీమా అయినా నిలిపితే, వివరణ అడిగే అధికారి ఒకరు ఉండి తీరాలి. మన సంఘం గట్టిగా కోరవలసినది ఇదే.

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని 2023లో పార్లమెంటు ఆమోదించింది. మన సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో తెలుసుకోవడం మన హక్కు. కనుక ఈసారి నంబరు అడిగితే, "ఎందుకు బాబూ?" అని మర్యాదగా అడగండి. మందుల షాపులో మరీ ముఖ్యం. అవసరం లేదనిపిస్తే చెప్పకండి.