కరెంటు ట్రాలీ కొనే ముందు ప్లగ్గు ఎక్కడుందో చూడాలి

(రైతు సదస్సులో చేసిన ప్రసంగం)



కరెంటు బండి గురించి మాట్లాడమని కమిటీ మాకు చెప్పింది. ఈ ఏడాదిలో ఎక్కడికి పోయినా ఇదే ప్రశ్న. "కొనాల్నా, వద్దా? ఒక్క ముక్కలో చెప్పండి" అంటున్నారు. ఒక్క ముక్కలో చెప్తే మోసం చేసినట్టే అయితది. అందుకే లెక్క కాగితాలు పట్టుకొని వచ్చాం.

మాది చేవెళ్ల అవతల ఊరు. పాలకూర, కొత్తిమీర, టమాట, బంతి, చామంతి మా పంటలు. కూరగాయలు మెహిదీపట్నం రైతుబజార్‌కు, పూలు పక్కనే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి. ఐదు కుటుంబాలం కలిసి 2025 ఉగాదికి ముందు ఒక నాలుగు చక్రాల కరెంటు ట్రాలీ కొన్నాం. ఏ కంపెనీదో ఇక్కడ చెప్పం. మేము వచ్చింది బండ్లు అమ్మడానికి కాదు, తిట్టడానికీ కాదు.

అంతకు ముందు కిరాయి బండే దిక్కు. ట్రిప్పుకు రెండు వేలు. పైసల కంటే పెద్ద బాధ వేరే ఉండె. కిరాయి బండి మన ఒక్క ఊరి కోసం రాదు. ఇంకో రెండు ఊర్ల సరుకు ఎక్కించుకొని వస్తడు. రాత్రి పన్నెండింటికి కోసి, కట్టలు కట్టి, తడి గోనెలు కప్పి ఆడవాళ్లు కూర్చుంటే బండి నాలుగింటికి వచ్చేది. మార్కెట్‌కు పోయేసరికి తెల్లారేది. కొత్తిమీరకు తెల్లవారుజామున ఉన్న ధర ఎండ ఎక్కినాక ఉండదని మీకు మేము చెప్పాలా? సొంత బండి కావాలనుకున్నది ఆ బాధ పడలేకనే.

బండి నడపడం గురించి ముందు చెప్తాం, ఎందుకంటే పిలగాళ్లు అదే అడుగుతరు. గేర్లు లేవు, క్లచ్ లేదు. ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోయినా ఎడమ కాలు గుంజదు. ఇంజను కొట్టుకోవడం లేదు కాబట్టి ఆగి ఉన్నప్పుడు బండి వణకదు. బ్రేకు మీద కాలు పెట్టినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి పోతది. మాకు ఇంకో కలిసొచ్చిన సంగతి ఉంది. మూసీ పుట్టింది అనంతగిరి గుట్టల్లో, పారేది హైదరాబాద్ దిక్కు. అంటే మాకు పట్నం పల్లం. బరువుతో దిగుతాం, ఖాళీగా ఎక్కుతాం. ఎగువకు బరువు మోసే ఊర్ల వాళ్లకు మా లెక్క అట్లనే రాదు, అది గుర్తుపెట్టుకోండి. చప్పుడు లేకపోవడం మాత్రం ఊర్లో ఇబ్బందే. బర్రెలు కదలవు, ముసలోళ్లు వినరు. హారన్ కొట్టుకుంటనే గల్లీ దాటాలి.

కంపెనీ కాగితంలో ఒక్క చార్జింగ్‌కు నూటయాభై కిలోమీటర్ల పైన అని ఉంటది. మాకు సరుకుతో పోయి ఖాళీగా వస్తే నూటపది దాటలేదు. రానుపోను మా దారి నూరు. ఇంటికి చేరేసరికి మీటర్ మీద పది శాతం కంటే తక్కువే మిగులుతది. సరుకు ఆరు వందల కిలోలు, అంటే పాతికేసి కిలోల టమాట ట్రేలు 24. డీజిల్ ట్రాలీ మీద నలభై ట్రేలు వేసుకొని పోయే అలవాటు మనది. ఈ బండి మీద అట్లా వేస్తే దారి మధ్యలో దిగాల్సి వస్తది. ఆకుకూరకు, పూలకు ఇది మంచి బండి. టమాట ముమ్మరంగా వచ్చే రోజుల్లో మేము ఇప్పటికీ డీజిల్ బండి కిరాయికి పెడుతున్నాం.

ఇక పైసల లెక్క. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి.

మా బండి పదిన్నర లక్షలయింది. అదే పనికి వచ్చే డీజిల్ బండి అప్పుడు ఆరున్నర. కరెంటు బండికి జీఎస్టీ 5 శాతమే, 2019 ఆగస్టు నుంచి అంతే. తెలంగాణలో రోడ్డు టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ, అది 2026 డిసెంబర్ 31 దాకా అని పెట్టారు. అన్నీ పోగా తేడా నాలుగు లక్షలు. మేము కొన్నాక 2025 సెప్టెంబర్‌లో డీజిల్ సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గించారు, కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లకు తేడా ఇంకా పెరుగుతది. ఆ నాలుగు లక్షల మీద 12 శాతం వడ్డీ, ఐదేళ్ల కిస్తీ వేసుకుంటే నెలకు 8,900. ఇంత పైసా కరెంటు బండి ప్రతి నెలా మిగిలిస్తేనే డీజిల్ బండితో సమానం.

మిగులుస్తదా? నూరు కిలోమీటర్లకు డీజిల్ బండి అయిదున్నర లీటర్లు తాగుతది. లీటరు 95 లెక్కన దాదాపు 525 రూపాయలు. నెలకు 22 ట్రిప్పులంటే 11,550. కరెంటు బండికి ట్రిప్పుకు 22 యూనిట్లు, నెలకు 484 యూనిట్లు. ఇప్పుడు అసలు ప్రశ్న: ఈ 484 యూనిట్లు ఏ మీటర్ మీద కాలుతున్నయ్?

మొదటి నెల ఒక ఇంట్లో పదిహేను ఆంపియర్ల ప్లగ్గు పెట్టి చార్జింగ్ చేశాం. ఆ ఇంటికి అప్పటిదాకా గృహజ్యోతి కింద జీరో బిల్లు. 200 యూనిట్లు దాటంగనే ఆ జీరో పోయింది. ఇల్లు, బండి కలిసి ఆరు వందల యూనిట్ల పైన అయ్యేసరికి స్లాబ్ ఎక్కి చివరి యూనిట్లు తొమ్మిదిన్నర రూపాయల లెక్కన పడ్డయ్. బిల్లు 4,700 పైమాట. అంటే డీజిల్ మీద మిగిలింది 6,850. కావాల్సింది 8,900. నెలకు రెండు వేలు బొక్క. పైగా ఆ ఇంటి అక్క అడిగింది, "ఐదిండ్ల బండికి మా ఇంటి జీరో బిల్లే ఎందుకు పోవాలె?" అని. న్యాయమే కదా. ఇంటింటికీ వంతులు పెట్టుకుందామంటే ఐదు ఇండ్ల జీరో బిల్లులు ఐదు నెలల్లో పోతయ్.

అప్పుడు తెలిసింది, కరెంటు బండ్ల చార్జింగ్‌కు వేరే కేటగిరీ ఉందని. యూనిట్ ఆరు రూపాయలు, ఫిక్స్‌డ్ చార్జీ వేరు, స్లాబులు లేవు. ఆ మీటర్ మీద మా 484 యూనిట్లకు 2,900. మిగులు 8,650. ఆయిల్, ఫిల్టర్, క్లచ్ ప్లేట్ల ఖర్చు లేదు కాబట్టి అక్కడికి డీజిల్ బండితో సమానమైతం. చూశారా, బండి అదే, దారి అదే, సరుకు అదే. మీటర్ మారితే నష్టం పోయింది. ఆ మీటర్ కోసం మాత్రం మేము ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాం. చార్జింగ్ స్టేషన్ పెడుతున్నారా, స్థలం కాగితాలేవి, వ్యాపార లైసెన్స్ ఏది అని. ఐదుగురు రైతులు ఒక బండికి ప్లగ్గు పెట్టుకుంటారన్నది వాళ్ల ఫారంలో లేదు.

ఈ నాలుగు నెలల్లో ఊర్లో ఒక సలహా వచ్చింది. బాయికాడ మోటారు కరెంటు ఉచితమే కదా, స్టార్టర్ నుంచి ఒక వైరు గుంజండి అని. ఈ సభలో గట్టిగా చెప్తున్నాం, ఎవరూ ఆ పని చేయొద్దు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద ఒక పనికి ఇచ్చిన కరెంటు ఇంకో పనికి వాడితే రెట్టింపు రేటు వేస్తారు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. బాయికాడి మోటార్లకు మీటర్లు పెట్టాలని చూసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఒక్క ఫోటో చాలు. ఏండ్ల తరబడి కొట్లాడి తెచ్చుకున్న ఉచిత కరెంటును ఒక బండి చార్జింగ్ కోసం ఆగం చేసుకుంటామా?

కిరాయితో పోల్చి కూడా అడుగుతారు. నెలకు కిరాయి 44 వేలు పోయేది. ఇప్పుడు తొమ్మిది లక్షల అప్పుకు కిస్తీ 20 వేలు, డ్రైవర్ జీతం 15 వేలు, కరెంటు, ఇన్సూరెన్స్, టైర్లు అన్నీ కలిపి 42 దాకా. చేతిలో మిగిలేది ఎక్కువ ఏం లేదు. కానీ బండి రెండున్నరకే కదులుతది, మేము అనుకున్నప్పుడు. కొత్తిమీర మీద ఆ తేడా కనపడుతుంది. ఐదేళ్ల తర్వాత కిస్తీ ఉండదు. బ్యాటరీ గ్యారంటీ ఏడేళ్లు. మాకు నిజంగా మిగులు కనపడేది ఆ మధ్య రెండేళ్లలోనే. ఒక్క రైతు, రెండెకరాల కూరగాయలు, వారానికి మూడు ట్రిప్పులు అంటే ఈ బండి జోలికి పోవద్దు.

పట్నంలో బయట చార్జింగ్ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకున్నాం. యూనిట్‌కు 20 రూపాయల దాకా పడ్డది. డీజిల్‌కు దగ్గర దగ్గర అంతే. ఇక్కడే మాకు చేతులు కట్టేసినట్టు అయితున్నది. ఒకరోజు బోయిన్‌పల్లిలో టమాట ధర బాగుందని ఫోన్ వచ్చింది. మెహిదీపట్నం నుంచి అక్కడికి పోతే తిరిగి ఇంటికి చేరే చార్జింగ్ ఉండదు. డీజిల్ బండి ఉన్నోడు పోయిండు. మేము ఉన్న ధరకే ఇచ్చి వచ్చినం. సొంత బండి కొనుక్కున్నది మంచి ధర ఉన్న చోటికి పోవడానికి కదా. బండి మనదై మార్కెట్ మన చేతిలో లేకపోతే ఏం లాభం?

దీనికి కోట్ల రూపాయల మిషన్లు అక్కర్లేదు. రైతుబజార్‌లో మేము ఐదు నుంచి తొమ్మిది దాకా కూర్చుంటాం, నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలు ఒక మామూలు పదిహేను ఆంపియర్ల ప్లగ్గు దొరికితే 13 యూనిట్లు ఎక్కుతయ్. అరవై కిలోమీటర్లు. బోయిన్‌పల్లి పోయి రావొచ్చు. షెడ్డు పక్కన పది ప్లగ్గులు, ఒక మీటర్, ఆరు రూపాయల రేటు. అంతే మేము అడిగేది. బోయిన్‌పల్లి మార్కెట్‌లోనే రోజుకు పది టన్నుల కూరగాయల చెత్తతో 500 యూనిట్ల కరెంటు తీసే ప్లాంటు పెట్టారు, 2021 జనవరిలో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో కూడా చెప్పారు. దాంతో లైట్లు, నీళ్ల సరఫరా నడుస్తున్నయ్. మంచిదే. ఆ చెత్త అమ్ముడుపోని మన సరుకే. 500 యూనిట్లంటే ఇరవై రెండు ట్రాలీలకు నిండు చార్జింగ్. అట్లాంటి ప్లాంట్లు ఇంకా వస్తే అందులో మన బండ్లకు వాటా అడగాలి.

రిపేర్ సంగతి. చేవెళ్లలో డీజిల్ మెకానిక్ ఎవరైనా రాత్రి పూట లేపితే వచ్చి చూస్తడు. ఈ బండికి మీటర్ మీద ఎర్ర గుర్తు వస్తే లారీ మీద ఎక్కించి పట్నం పంపాలి. మాకు ఒకసారి తొమ్మిది రోజులు పట్టింది, ఒక చిన్న సామాను రాక. ఆ తొమ్మిది రోజులు కిస్తీ ఆగలేదు, పాలకూర కూడా ఆగలేదు. ఈదురుగాలుల నెలల్లో రాత్రి కరెంటు పోతే సగం చార్జింగ్‌తో బండి, కోసిన సరుకు రెండూ అట్లనే చూసుకుంటూ కూర్చున్న రాత్రులు ఉన్నయ్. కొనేవాళ్లు కిరాయి బండి నంబర్ చెరిపేయొద్దు.

కేంద్రం సంగతి ఒకటి. పీఎం ఈ-డ్రైవ్ అని 2024 అక్టోబర్‌లో 10,900 కోట్లతో పథకం పెట్టారు. మూడు చక్రాల వాటికి ఇచ్చారు. ట్రక్కులకు ఇచ్చారు, కానీ మూడున్నర టన్నులు దాటిన వాటికే. రైతు కొనే చిన్న నాలుగు చక్రాల ట్రాలీ మధ్యలో పడిపోయింది. సిమెంటు మోసే లారీకి ఉంది, కూరగాయలు మోసే ట్రాలీకి లేదు. ఎందుకని అడిగినవాళ్లు లేరు కాబట్టి.

దారిలో ఆపి అడిగితే భయపడొద్దు. బ్యాటరీతో నడిచే సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదని 2018 అక్టోబర్‌లోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. మామూలు ఎల్ఎంవీ లైసెన్స్‌తో ఏడున్నర టన్నుల లోపు సరుకు బండి నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండింటి కాపీలు మా బండిలో ప్లాస్టిక్ కవర్‌లో ఉంటయ్.

సంఘం తరఫున రెండు వినతిపత్రాలు తయారు చేస్తున్నాం. ఒకటి రైతుబజార్లలో, మార్కెట్ యార్డుల్లో ప్లగ్గుల కోసం మార్కెటింగ్ శాఖకు. ఇంకొకటి రైతులు కలిసి కొన్న బండికి ఆరు రూపాయల మీటర్ నెలలోపు ఇవ్వాలని. కేంద్రానికి ట్రాలీల సబ్సిడీ సంగతి జిల్లా కమిటీ రాస్తది. కరెంటు బండి ఉన్నవాళ్లు, అది మూడు చక్రాలదైనా సరే, వచ్చే నెల మీటింగ్‌కు రండి. మూడు నెలల కరెంటు బిల్లులు, ట్రిప్పులు రాసుకున్న నోట్‌బుక్ తెచ్చుకోండి. మా ఒక్క బండి లెక్కతో పోతే ఆఫీసులో వినరు, ఇరవై బండ్ల లెక్క కావాలి. మా బండి బయట చెట్టు కింద ఉంది, చూసేవాళ్లు చూడొచ్చు. నడిపి చూస్తామంటే మాత్రం కష్టం, తిరిగి ఇంటికి పోవాలె, చార్జింగ్ నలభై శాతమే ఉంది.