స్టార్టు కాని పడవ ఇంజన్



విజయవాడలో భవానీ ద్వీపం వైపు వెళ్లినవాళ్లు కృష్ణలో తిరిగే స్పీడు బోట్లను చూసే ఉంటారు. పడవ వెనక చెక్కకు బిగించి, తల పైన, తోక నీళ్లలో ఉండే ఆ ఇంజన్ పేరు ఔట్‌బోర్డు మోటారు. షికారుకు బయల్దేరే వేళకి అది స్టార్టు కాకపోతే ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి అన్నది ఇవాళ్టి ముచ్చట.

ఈ మోటారును జనంలోకి తెచ్చినవాడు ఓలే ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరినవాడు. విస్కాన్సిన్‌లో ఒక సరస్సు మీద, మండుటెండలో, బెస్ అనే అమ్మాయి కోసం ఐస్‌క్రీమ్ తేవడానికి తెడ్లేసుకుంటూ వెళ్లాడట. తిరిగొచ్చేసరికి అది కాస్తా కరిగిపోయింది. ఆ ఉక్రోషంలోంచి ఇంజన్ ఆలోచన పుట్టిందంటారు. 1909లో అమ్మకానికి పెట్టిన ఆ మోటారు శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్ మాత్రమే. అప్పటికి ఆయన భార్య అయిన బెస్, ఇక తెడ్లు అవతల పారేయండని ప్రకటన రాసింది. వ్యాపారం బాగా సాగింది. ఆ సలహా మాత్రం వినకండి. పడవలో కనీసం ఒక తెడ్డు ఉండాల్సిందే.

లంగరు కూడా ఉండాలి. నది నడుమ ఇంజన్ ఆగితే అందరూ దాని మూత తీయడానికి ఎగబడతారు. ముందు చేయాల్సింది లంగరు దించడం. మీరు మూతతో కుస్తీ పడుతున్నంతసేపూ ప్రవాహం తన పని తాను చేసుకుపోతుంది. 2024 సెప్టెంబరు వరదల్లో ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకుని కౌంటర్‌వెయిట్ దిమ్మెలను విరగ్గొట్టాయి. అదుపు తప్పిన పడవ ఎక్కడ తేలుతుందో దాన్నిబట్టి తెలుస్తుంది. లంగరు పట్టింది, పడవ నిలిచింది అనుకున్నాకే ఇంజన్ సంగతి.

ఇంజన్ మొండికేసిందని మనం తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు అది చెప్పిన మాట వింటూ ఉంటుంది. ఎర్రటి మెలికల తాడు ఒకటి ఉంటుంది చూడండి, ఒక కొస నడిపేవాడి ఒంటికి, రెండోది ఇంజన్ దగ్గరి స్విచ్చికి. మనిషి నీళ్లలో పడితే తాడు ఊడి ఇంజన్ ఆగుతుంది. లేకపోతే ఖాళీ పడవ గిరికీలు కొడుతూ పడ్డవాడి మీదికే వస్తుంది. 26 అడుగులకన్నా చిన్న పడవల్లో ఈ తాడు వాడి తీరాలని అమెరికాలో 2021 నుంచి చట్టమే ఉంది. దాని క్లిప్పు ఊడి ఉంటే చాలా మోటార్లు తిరుగుతాయి గానీ అంటుకోవు. గేరు న్యూట్రల్‌లో లేకపోతే అసలు తిరగనే తిరగవు. అందుకే ముందు చెవి పెట్టి వినాలి. తాళం తిప్పితే చడీచప్పుడూ లేదా? గేరు, ఫ్యూజు, బ్యాటరీ చూడండి. టక్కుమని ఊరుకుందా? బ్యాటరీ నీరసించింది, లేదా టెర్మినల్స్ మీద పచ్చటి చిలుము పేరుకుంది. చక్కగా తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదా? తాడు క్లిప్పు చూసి, తర్వాత పెట్రోలు వైపు నడవండి.

ట్యాంకు మూత మీద గాలి కోసం చిన్న మర ఉంటుంది. దాన్ని విప్పడం మర్చిపోతే పెట్రోలు లాగేసిన చోటికి గాలి రాదు. కాసేపటికి పైపులో ఉన్న రబ్బరు బల్బు చప్పిడిగా నొక్కుకుపోతుంది. మర తెరిచి, బల్బు మీది బాణం గుర్తు పైకి ఉండేలా పట్టుకుని, గట్టిపడేదాకా పిసకాలి. ఎంత పిసికినా మెత్తగానే ఉందంటే ట్యాంకు ఖాళీ, లేదా పైపు ఎక్కడో గాలి పీలుస్తోంది. అదేపనిగా చోక్ లాగి ఇంజన్‌లో పెట్రోలు నిండిపోయిందనుకోండి, స్పార్క్ ప్లగ్గు తడిసిపోతుంది. వెనకటికి చేతక్ స్కూటర్ నడిపినవాళ్లకు ఈ రోగం, దాని వైద్యం వేరే చెప్పక్కర్లేదు: ప్లగ్గు విప్పు, తుడువు, ఆరబెట్టు, బిగించు. ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు అక్కడిదాకా చేరడం లేదన్నమాట.

ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ చెమ్మను పీలుస్తుంది. పడవ ట్యాంకేమో రాత్రీ పగలూ నీటి గాలిలోనే ఉంటుంది. చెమ్మ హద్దు దాటితే ఇథనాలూ నీళ్లూ కలిసి అడుక్కి దిగుతాయి, ఇంజన్‌కు వెళ్లే గొట్టం మూతి ఉండేదీ అడుగునే. కాబట్టి నెలల తరబడి మూలనపడ్డ పడవలో పెట్రోలును నమ్మొద్దు. అడుగునుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి, కదపకుండా ఉంచి చూడండి. రెండు పొరలుగా విడిపోతే మొత్తం పారబోయాల్సిందే. నదిలోకి మాత్రం కాదు.

ఇంజన్ పడవ లోపలే ఉండే రకమైతే ఇంకో జాగ్రత్త ఉంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పడవ అడుగున చేరి కూర్చుంటుంది. తాళం తిప్పే ముందు కనీసం నాలుగు నిమిషాలు బ్లోయరు ఆడించి, వాసన చూడాలి. వాసన ఉంటే తాళం జోలికి పోవద్దు. ఏ రకమైనా సరే, స్టార్టరును పది సెకన్లకు మించి ఏకధాటిగా తిప్పితే అది కాలిపోవచ్చు.

సరే, ఇంజన్ అందుకుంది. వెంటనే పరుగు తీయించకండి. మోటారు పక్కనుంచి సన్నటి నీటి ధార బయటికి చిమ్ముతోందా చూడండి. చల్లబరిచే నీళ్లు లోపల తిరుగుతున్నాయనడానికి అదే గుర్తు. ధార లేకపోతే ఆపేయండి. గుర్రపుడెక్క ఆకో, పాలిథిన్ సంచో కింద నీళ్లు పీల్చే జల్లెడకు అతుక్కుని ఉండొచ్చు. అది తీసినా ధార రాకపోతే పంపులోని రబ్బరు రెక్కలు అరిగిపోయి ఉండొచ్చు. బాగు చేయించేదాకా ఆ మోటారును నడపకూడదు; ఒడ్డుకు తెడ్డేసుకునే రండి.