పెరటిలోని కొట్టము

సాయంకాలమున ఇంటికి వచ్చిన చుట్టము "పెద్దాయన ఉన్నడా?" అని అడిగినపుడు, ఇల్లాలు లోపలి గదులవైపు చూడక పెరటివైపు చేయి చూపెడి యిండ్లు మన పల్లెలలో నేటికిని పెక్కు గలవు. ఆ పెరటిలో నాలుగు రేకులు, వానిని మోయు నాలుగు గుంజలు, ఒక పాత బల్ల, మూత సరిగా పడని చెక్కపెట్టె యుండును. పెట్టెలో సుత్తె, ఉలి, బాడిస, ఆకురాయి, రెండు మూడు పానాలు, లెక్కకు మించిన వంకర మేకులు. ఇంటి యజమాని ఆ మేకులలో నొకదానిని రాతిమీద పెట్టి మెల్లగా తిన్నన చేయుచుండును. కొత్త మేకు అంగడిలో దొరకదా యని అడిగినచో ఆయన నవ్వి యూరకుండును. ఆ నవ్వునకు అర్థమేమో విచారించుటయే ఈ ప్రసంగమున మా యుద్దేశము.

హైదరాబాదు నుండి మొయినాబాదు, చేవెళ్లల మీదుగా బీజాపూరునకు పోవు రహదారి వెంట వందలకొలది మర్రిచెట్లు పెరిగి, బాటసారులకు గొడుగు పట్టినవి. ఆ బాటకు ఇరుప్రక్కల నున్న పల్లెలలో కొట్టమనగా మొదట పశువుల నీడ. ఎద్దులు ఒక మూల, చొప్ప ఒక మూల, నాగలియు గుంటకయు ఒక మూల. వాన పట్టి పొలము పోలేని దినమున రైతు ఆ మూడవ మూలనే కూర్చుండి మేడికి పిడి దిగగొట్టుచు, పలుపులు పేనుచు ప్రొద్దు పుచ్చెడివాడు. చేతికి లొంగని పనికి కమ్మరి కొలిమికి పోయెడివాడు. అచ్చట అతడు ఊరక నిలుచుట లేదు. తన కఱ్ఱు ఎఱ్ఱబడువరకు తిత్తి త్రాడు తానే లాగెడివాడు. సమ్మెట వేయుటకు తానే భుజ మిచ్చెడివాడు. ఎఱ్ఱగా కాలిన ఉక్కును ఒక్కసారిగా నీట ముంచినచో గట్టిపడును గాని పెళుసై విరుగును. కనుక కమ్మరి మొన మాత్రము ముంచి తీసి, వెనుక మిగిలిన వేడి మొనవైపు ప్రాకుచుండగా లోహముమీద మారు రంగును కనిపెట్టి, తగిన రంగు కనబడినంతనే మరల చల్లార్చును. పదును పెట్టుట యనగా ఇదియే. ఈ విద్యను ఏ పుస్తకమును చూడక, కొలిమి ప్రక్కన నిలిచి, కంటితో నేర్చినవారు మన తాతలు. పంటలు ఇంటికి వచ్చినపుడు కమ్మరికిని వడ్లాయనకును గింజలు కొలిచి యిచ్చెడివారు. మన పురుషుల కొట్టపు ప్రీతికి మూలము ఆ కొలిమి యొద్దనే యున్నదని మా తలపు.

కాలము మారినది. ట్రాక్టరు వచ్చి ఎద్దుల నంపివేసెను. నాగలి అటుక యెక్కెను. ఈ ప్రాంతమునకు మరియొక విశేషము కూడ కలదు. 1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచిన పిమ్మట, 1920లో ఉస్మాన్ సాగరును, 1927లో హిమాయత్ సాగరును నిర్మించిరి. ఆ రెండు జలాశయములను కాపాడుటకై 1996 మార్చి 8న వెలువడిన 111వ ప్రభుత్వోత్తరువు, మొయినాబాదు, చేవెళ్ల మండలములతో సహా 84 గ్రామములలో కాలుష్యము కలిగించు పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించెను. దానిని సడలించుచు 2022లో 69వ ఉత్తరువు వచ్చెను. పరిశ్రమలు రాకున్నను నగరవాసుల తోట యిండ్లు వచ్చెను; భూమి ధర పెరిగెను. ఎకరములలో మాటలాడిన నోళ్లు గజములలో మాటలాడసాగెను. గజముల లెక్కలో పశువులు లేని కొట్టము వట్టి నష్టముగా కనబడుట సహజము. అయినను ఖాళీ యైన ఆ కొట్టమును వదలుటకు ఇంటి పెద్దకు మన సొప్పదు. ఎద్దుల తావున ఒక మోటారును, ఒక స్టార్టరు డబ్బాను, ఒక పాత పంకాను చేర్చి, దానిని మరల తనదిగా చేసికొనును.

ఈ ప్రీతికి కారణమేమి? ఇంటిపని నుండి తప్పించుకొనుటకు మగవారు పన్నిన ఉపాయమని కొందరందురు. అందు కొంత నిజము లేకపోలేదు. కాని అది సగము మాత్రమే. చేవెళ్ల రైతు టమాట తోటను ఎంత శ్రద్ధగా పెంచినను, దాని ఫలము వానచేతిలోను అంగడిచేతిలోను ఉండును. ఉద్యోగి వ్రాసిన కాగితము ఎన్ని చేతులు మారి యేమగునో అతనికే తెలియదు. కొట్టములోని పని అట్టిది కాదు. ఊడిన పీటకాలు సాయంకాలమునకు నిలిచినదా లేదా యనునది కన్నులారా కనబడును. నిలువకున్న తప్పు తనది. నిలిచిన గౌరవము తనది. నడుమ మరియొకరు లేరు. దినమంతయు పరుల నిర్ణయములకు తలయొగ్గు మనుష్యునకు ఇట్టి జాగా ఒకటి కావలసి యుండుటలో ఆశ్చర్యము లేదు.

ఇట్టి మూలలనుండి లోకమునకు మేలు కలిగిన సందర్భములు గలవు. దూరము పోనక్కరలేదు. మీరు వినుచున్న రేడియో సంగతియే తీసికొందము. 1930 తరువాతి తొలి సంవత్సరములలో, తపాలా తంతి శాఖలో పనిచేయు మహబూబ్ అలీ యను నతడు హైదరాబాదులో చిరాగలీ సందులోని ఒక ఇంటినుండి 200 వాట్ల యంత్రముతో ప్రసారములు సాగించెను. 1935 ఫిబ్రవరి 3న నిజాము ప్రభుత్వము ఆ కేంద్రమును తన యధీనము చేసికొనెను. దక్కను రేడియోగా పేరొందిన ఆ కేంద్రము 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరెను. నగరపు వాణి తొలుత ఒక గృహస్థు ఇంటినుండియే పలికినదన్న మాట.

మరియొక ఉదాహరణము ఆలేరు ప్రాంతపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము. పోచంపల్లి చీరెకు చిటికి కట్టి రంగు లద్దుటకు ముందు ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగా మేకులు దిగగొట్టిన చట్రముమీద దారమును మేకు మేకునకు త్రిప్పుచు పోవుట ఆ పని. ఒక్క చీరెకు చేయి దాదాపు 9,000 సార్లు ముందుకు వెనుకకు పోవలెను. దినమునకు రెండు చీరెలైన 18,000 సార్లు. ఆ పని చేసి చేసి తల్లి లక్ష్మి భుజము నొప్పితో బాధపడుట చూచి, ఆరవ తరగతితో చదువు మానిన ఆ యువకుడు 1992లో యంత్రము చేయ బూనెను. చెక్కముక్కలు, ఇనుపకడ్డీలు, అప్పులు, ఇరుగుపొరుగువారి పరిహాసములు — వీనితో ఏడేండ్లు గడచెను. నడుమ పొట్టకూటికై హైదరాబాదు చేరి విద్యుత్తు పనులు చేయుచుండగా, బాలానగరములోని ఒక యంత్రపు కదలిక చూచి, తనకు చిక్కని ముడి విడిపోయినదని గ్రహించెను. 1999లో పూర్తి యైన ఆ యంత్రమునకు తల్లి పేరుమీదనే లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టెను. 2017లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ యిచ్చి గౌరవించెను. ఏడేండ్లపాటు ఆ చెక్కముక్కలను ఎవరైనను పొయ్యిలో పెట్టియుండినచో ఏమగునో యోచింపుడు.

కాని ప్రతి కొట్టమును ఒక యంత్రమును కనవలెనని మేము చెప్పుట లేదు. యంత్రము పుట్టకున్నను మనిషి నిలుచుట గొప్ప. ఆస్ట్రేలియా దేశమున 1990ల దశకమునుండి, ఉద్యోగము విరమించిన పురుషులు ఒంటరులై క్రుంగిపోకుండ ఊరికొక ఉమ్మడి కొట్టమును ఏర్పరచుకొనసాగిరి. 2007లో వానికి ఒక దేశవ్యాప్త సంఘము ఏర్పడినది. నేడు అట్టి కొట్టములు అచట వేయికి పైగా గలవు. ఐర్లండు, బ్రిటను దేశములకును అవి వ్యాపించెను. వారు గ్రహించిన సత్య మొక్కటే: ఎదురెదురుగ కూర్చుండబెట్టి కష్టము చెప్పుమన్నచో మగవాడు చెప్పడు, ప్రక్కప్రక్కన నిలిచి ఒక పలకను చిత్రిక పట్టుచున్నపుడు తానే చెప్పును. కొలిమియొద్ద తిత్తి లాగిన మన తాతలకు ఇది తెలియని సంగతి కాదు.

ఇక ఇల్లాండ్ర పక్షమున ఒక మాట చెప్పకున్న ఈ ప్రసంగము అన్యాయ మగును. పెరడు మొదట ఎవరిది? రోలు, బట్టలుతుకు బండ, తులసికోట, కట్టెల గూడు, కూరపాదులు — ఇవన్నియు ఆమెవి. ఆమెకు తీరిక లేదు గనుక ఆమె పని స్థలమును ఎవరును ముచ్చట యనలేదు. ఆయన కొట్టము ఏటేట ఒక అడుగు ముందుకు జరిగిన, ఆమె తులసికోట ఒక అడుగు వెనుకకు జరుగును. మల్లేశము చేసిన పని ఎందుకు మెచ్చదగినదనగా, అతని చెక్కముక్కలు తల్లి చేతికి విశ్రాంతి నిచ్చినవి. పెరటి కొట్టమునకు అంతకన్న మంచి గీటురాయి మాకు కనబడుట లేదు. మరియు కొడుకునే గాక కూతురును కూడ పిలిచి పానా పట్టించుట నేటి గృహస్థునకు ధర్మము.

ఈ సందర్భమున మా యింటి సంగతి యొకటి చెప్పుదుము. చేవెళ్ల దాపున నున్న మా పెద్దనాయనకు బాటవైపు ఒక కొట్టముండెడిది. ఎద్దులు పోయిన పిదప ఆయన అందులో పొరుగువారి స్టార్టరు డబ్బాలు బాగుచేయుచు కాలము గడపెడివాడు. కొడుకులు ఆ కొట్టమును తీసి రెండు షట్టర్లు కట్టి కిరాయికి ఇయ్యదలచిరి. నెలకు ఎంత వచ్చునో లెక్క వేసి, మంచి యాలోచన యని చెప్పినవారిలో మేమును ఒకరము. పెద్దనాయన "మీ ఇష్టం, బిడ్డా" అని మాత్రమే యనెను. పనిముట్లు గోనెసంచిలో మెట్లక్రిందికి చేరెను. షట్టర్లు లేచెను, కిరాయి వచ్చెను. మూడు నెలలలో ఆయన భోజనము సగమయ్యెను. ఎన్నడును గట్టిగా మాటలాడనివాడు చిన్న మాటకు కసరసాగెను. వైద్యుడు చూచి జబ్బేమియు లేదనెను. వయస్సు మీదపడినదని మేమనుకొంటిమి.

అసలు సంగతి గ్రహించినది మా పెద్దమ్మ. నలువది యేండ్లు ఆ కొట్టమును తిట్టిన ఆమెయే, "ఆయనకు రోగమేం లేదు, చేతులకు పని లేదు" అనెను. వంట గ్యాసు వచ్చి పనిలేక పడియున్న తన కట్టెల గూడును ఖాళీ చేయించి ఇచ్చెను. ఊరక ఈయలేదు. తులసికోటను ముట్టరాదనియు, ఏడేండ్లుగా మూలుగుచున్న వంటింటి తలుపు ముందుగా బాగుచేయవలెననియు నియమము పెట్టెను. తలుపు ఆ దినముననే బాగుపడినది. ఆ పిమ్మట మనుమరాలి సైకిలు, పొరుగువారి పంకా, ఎవరిదో పాత రేడియో ఒక్కటొక్కటిగా ఆ గూడు చేరెను. వానితోపాటు నలుగురు మనుష్యులును చేరిరి. షట్టరు లెక్కలో ఈ నలుగురిని మేము చేర్చలేదు.

కొట్టము పెట్టదలచినవారికి రెండు మూడు హెచ్చరికలు. గాలియు వెలుతురును ఆడవలెను. విద్యుత్తు పనికి మూడు కడ్డీల ప్లగ్గును, సరియైన ఎర్తింగును తప్పక ఉండవలెను. తడి నేలమీద చెప్పులు లేక నిలిచి మోటారును ముట్టరాదు. ఆకురాయి పట్టునపుడును, శాన త్రిప్పునపుడును కంటికి అద్దములు కావలెను. ఇక స్థలమందురా? పది యడుగుల పొడవు, తొమ్మిది యడుగుల వెడల్పు చాలును. నేటి లెక్కలో అది సరిగా పది గజములు. ఎన్ని గజములమ్మినను, ఎన్ని గజములలో కట్టినను, ఇంటి పెద్దకు ఆ పది గజములు మిగిల్చుడని మా మనవి.

మొన్న మేము పోయినపుడు పెద్దనాయన యథాప్రకారము రాతిమీద మేకు పెట్టి తిన్నన చేయుచుండెను. కొత్తవి ఒక పొట్లము తెచ్చి యిత్తుమా యని అడిగితిమి. ఆయన ఈసారి నవ్వి యూరకుండక, "వంగినదాన్ని వంగినట్టే పారేయ మనసొప్పుత లేదు, బిడ్డా" అనెను. మేము ప్రక్కన కూర్చుండి మరియొక మేకు అందుకొంటిమి. మొదటిది విరిగినది. రెండవది తిన్నగా వచ్చినది.