బాల్టిక్ సముద్రపు పాత రేవులు

ఓడ క్షేమంగా రేవు చేరితే అందులోని సరుకు వర్తకునిది. తుపానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొని వస్తే, ఆ సరుకు ఒడ్డును ఏలే ప్రభువుది. మధ్యయుగంలో అనేక దేశాల తీరాలలో ఇదే న్యాయంగా చెల్లుతూ వచ్చినది. సముద్రం దోచుకోగా మిగిలినది రాజు దోచుకొనేవాడు. ఉత్తర ఐరోపాలో బాల్టిక్ సముద్రతీరాన వెలసిన వర్తక నగరాలు తమ ప్రాబల్యం పెరిగినకొద్దీ ఒక్కొక్క ప్రభువునూ ఒప్పించి, ఈ దురాచారం నుండి తమకు మినహాయింపు ఇచ్చినట్లు పత్రాలు వ్రాయించుకొన్నవి. ఆ నగరాలలో కొన్నింటిని 2025 వేసవిలో విహారనౌక మీద వెళ్లి చూచే అవకాశం నాకు కలిగినది. పగిలినది ఎవరి సొత్తు, దానిని ఏమి చేయవలె అనే ప్రశ్న ఆ ప్రయాణంలో రేవు రేవునా నాకు ఎదురైనది. ఈ ప్రసంగంలో ఆ సంగతే మనవి చేస్తాను.

విహారనౌక అంటే సముద్రం మీద కదిలే సత్రం అనుకోవచ్చు. రాత్రి భోజనం చేసి పడుకొంటే తెల్లవారేసరికి మరొక దేశం. ఉదయం ఎనిమిది గంటలకు ప్రయాణికులను దించుతారు. సాయంకాలం అయిదు గంటలకల్లా తిరిగి ఎక్కవలె. ఎనిమిది వందల ఏండ్ల చరిత్ర గల నగరాన్ని తొమ్మిది గంటలలో చూచివచ్చానని చెప్పుకోవడం సాహసమే. అయినా సముద్రం మీదుగా రావడంలో ఒక లాభం ఉన్నది. ఈ నగరాలన్నీ సముద్రానికి ముఖం పెట్టి కూర్చున్నవి. విమానాశ్రయం నుండి వచ్చినవాడు పెరటి గుమ్మాన ప్రవేశించినట్లు; ఓడ మీద వచ్చినవానికి వీధివాకిలి కనబడుతుంది. దూరాన మొట్టమొదట అగపడేవి చర్చి శిఖరాలు. వెనుకటి నావికులకు అవే కొండగుర్తులు.

బాల్టిక్ ఇంచుమించు నలువైపులా భూమి చుట్టుకొన్న సముద్రం. డెన్మార్కు దగ్గరి ఇరుకైన జలసంధులే దానికి ద్వారాలు. అనేక నదులు వచ్చి కలియడం వల్ల ఆ నీటిలో ఉప్పు చాల తక్కువ. ఈ ఉప్పు సంగతి గుర్తుంచుకోండి. ముందు దానితో పని ఉన్నది.

మా ప్రయాణం జర్మనీలో ట్రావె నది సముద్రంలో కలిసే ట్రావెముండె రేవున ప్రారంభమైనది. నది వెంట కొంత దూరం లోపలికి పోతే ల్యూబెక్ నగరం. 1143లో పుట్టి, అగ్నికి ఆహుతి అయి, 1159లో తిరిగి నిర్మింపబడిన ఈ పట్టణం, 1226లో చక్రవర్తికి తప్ప మరే ప్రభువుకూ లోబడని స్వతంత్ర నగరమైనది. హాన్సా అనే వర్తకశ్రేణికి ఇదే పెద్దదిక్కు. వేర్వేరు కాలాలలో సుమారు 200 పట్టణాలు ఆ శ్రేణిలో చేరినవి. దానికి రాజు లేడు. స్థిరమైన సైన్యం లేదు. పట్టణాల ప్రతినిధులు అప్పుడప్పుడు సమావేశమై నిర్ణయాలు చేసేవారు. అటువంటి చివరి సమావేశం 1669లో జరిగినది.

ఇంతటి వైభవానికి మూలం ఏమిటంటే, ఉప్పు, చేప. దక్షిణాన ల్యూనెబుర్గ్‌లో ఉప్పు పండేది. ఉత్తరాన స్వీడన్ దక్షిణ కొసన, ఆనాడు డెన్మార్కు ఏలుబడిలో ఉన్న తీరంలో, హెర్రింగ్ చేపలు విస్తారంగా పడేవి. క్రైస్తవుల ఉపవాస దినాలలో మాంసం నిషిద్ధం, చేప అనుమతం. కనుక ఐరోపా అంతటా చేపకు గిరాకీ. ఉప్పు పట్టని చేప రెండు రోజుల సరుకు. ఉప్పు పట్టినది నెలల తరబడి నిలిచే సరుకు. మన తీరవాసులకు ఈ సూక్ష్మం విడమరచి చెప్పనక్కరలేదు. ల్యూబెక్ వర్తకులు ఈ రెండింటి మధ్య నిలబడి ధనవంతులైనారు. 1398 నాటికి ఉప్పు పడవల కోసం కాలువ కూడా త్రవ్వించారు. ఆ తరువాతి శతాబ్దాలలో కట్టిన ఉప్పు కొట్లు నేటికీ నది ఒడ్డున వరుసగా నిలిచి ఉన్నవి.

అయితే ల్యూబెక్‌లో నా మనస్సును పట్టి నిలిపినది ఈ సంపద కాదు. సెయింట్ మేరీ చర్చిలో దక్షిణ గోపురం అడుగున రెండు పెద్ద గంటలు పగిలి పడి ఉన్నవి. 1942 మార్చి 28 రాత్రి తెల్లవారితే మట్టల ఆదివారం. ఆ రాత్రి బ్రిటిష్ విమానాలు బాంబులు కురిపించినవి. గోపురం మండిపోయి, గంటలు అంత ఎత్తునుండి నేలమీద పడినవి. యుద్ధానంతరం చర్చిని బాగుచేశారు. గంటలను మాత్రం పడినచోటనే వదలివేశారు. ఆ యుద్ధాన్ని తెచ్చిపెట్టినది తమ దేశమే అన్న ఎరుక ఆ మౌనంలో ఉన్నదని నాకు తోచినది.

తరువాతి మజిలీ పోలండులోని గ్డాన్‌స్క్. విస్టులా నది మీదుగా దిగివచ్చే ధాన్యానికి, కలపకు ఇది ద్వారం. నదీతీరాన రెండు ఇటుక బురుజుల నడుమ పెద్ద కొయ్య క్రేను ఉన్నది. 1442, 1444 సంవత్సరాల మధ్య కట్టినది. దాని లోపల మనిషి ఎత్తును మించిన చక్రాలు ఉన్నవి. కూలివాండ్రు ఆ చక్రాల లోపల నిలబడి అడుగు మీద అడుగు వేస్తూ నడిస్తే తాడు చుట్టుకొని బరువు పైకి లేచేది. మన ఏతాము తొక్కేవాని పాట్లే అవి. ఎంత నడిచినా వారు ఉన్నచోటనే ఉండేవారు. లేచినది సరుకు, పెరిగినది వర్తకుని మేడ.

1939 ఆగస్టులో ఒక జర్మన్ యుద్ధనౌక మర్యాద కోసం వచ్చిన అతిథిగా ఈ రేవులో ప్రవేశించినది. సెప్టెంబరు 1 తెల్లవారుజామున ఆ అతిథియే వెస్టర్‌ప్లాట్ అనేచోట పోలిష్ సైనిక స్థావరం మీద ఫిరంగులు పేల్చినది. రెండవ ప్రపంచయుద్ధం అట్లా ఆరంభమైనది. 1945లో యుద్ధం ముగిసేసరికి పాత నగరం ఇటుకల గుట్ట. ఆ కొయ్య క్రేను కూడా దగ్ధమైనది.

ఇప్పుడు అక్కడి లాంగ్ మార్కెట్ వీధిలో నిలబడితే, పదిహేడవ శతాబ్దపు వర్తకుల ఇళ్ల మధ్య ఉన్నామనే భ్రాంతి కలుగుతుంది. ఆ ఇళ్లలో అధికభాగం యుద్ధానంతరం కట్టినవే. ముఖద్వారాలు మాత్రం పాత చిత్రాలు చూచి యథాతథంగా నిలిపి, లోపల సామాన్యులకు వాసగృహాలు అమర్చారు. మరొక విశేషం: తరతరాలుగా అక్కడ ఉన్న జర్మన్ జనంలో అత్యధికులు యుద్ధాంతంలో పారిపోయారు, లేదా వెళ్లగొట్టబడ్డారు. వారి స్థానంలోకి వచ్చినవారిలో చాలమంది, తూర్పున విల్నో, ల్వూవ్ ప్రాంతాలలో తమ ఇండ్లు శాశ్వతంగా పోగొట్టుకొని వచ్చిన పోలిష్ ప్రజలు. తమ ఊరు పోగొట్టుకొన్నవారు, తమవారు కట్టని వీధులను ఇటుక ఇటుకగా తిరిగి కట్టారు. మాకు దారి చూపిన వృద్ధురాలిని, ఇది మీ పూర్వుల ఊరా అని అడిగాను. "కాదు. మా అమ్మ ఈ ఇటుకలు మోసినది. అందుచేత ఇది మా ఊరు" అన్నది. ఆమె మాటకు జవాబు చెప్పేవారు ఉండరనుకొంటాను. 1980 ఆగస్టులో ఈ నగరపు నౌకానిర్మాణశాల కార్మికులే సమ్మె చేసి 'సాలిడారిటీ' అనే స్వతంత్ర కార్మిక సంఘాన్ని సాధించుకొన్నారు. ఆ ఊరు తమదనే నమ్మకం అంతగా నాటుకొన్నదన్న మాట.

అక్కడినుండి గోట్లండ్ ద్వీపంలోని విస్బీ. పదమూడవ శతాబ్దంలో ఈ పట్టణం చుట్టూ కట్టిన ప్రాకారం సుమారు మూడున్నర కిలోమీటర్లు, చాలవరకు చెక్కు చెదరకుండా ఉన్నది. లోపల పదికి పైగా చర్చిలు కప్పులు పోయి, ఆకాశమే కప్పుగా నిలిచి ఉన్నవి. చూడడానికి ఎంతో రమణీయం. కాని ఆ గోడకు వెలుపల ఒక రాతి శిలువ ఉన్నది. 1361 జూలై 27న డెన్మార్కు రాజు వాల్దెమార్ సేనలతో వచ్చినప్పుడు, ద్వీపంలోని రైతులు కోటగోడ దాపున ఎదిరించారు. నగరవాసులు తలుపులు తెరువలేదు. గోడమీదినుండి చూస్తూ ఉండగానే సుమారు 1,800 మంది రైతులు హతులైనారు. పిమ్మట నగరం రాజుకు లొంగిపోయినది; రాజు నగరపు హక్కులను యథాప్రకారం ధ్రువపరిచాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ సమాధులు త్రవ్వి చూస్తే, వాటిలో పాలబుగ్గల బాలురు, వంగిపోయిన వృద్ధులు కూడా ఉన్నట్లు ఎముకలు చెప్పినవి. హక్కులు దక్కినవి గాని, విస్బీ వైభవం నిలువలేదు. పెద్ద ఓడలు ద్వీపం దగ్గర ఆగకుండానే సముద్రం దాటనేర్చినవి. వ్యాపారం పోయినది, గోడ మిగిలినది. ఆ గోడ ఎంత అందంగా ఉన్నదో చెప్పే ప్రతివారూ అది ఎవరికి మూతబడినదో కూడా చెప్పవలసి ఉన్నది.

ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో మా నౌకతోపాటు మరి రెండు పెద్ద నౌకలు ఆగినవి. వేలకొలది జనం ఒక్కమారుగా ఇరుకైన రాతివీధులలోకి పోటెత్తాము. ఈ నగరం 1248లో ల్యూబెక్ ధర్మశాస్త్రాన్ని స్వీకరించి, తీరని వ్యాజ్యాలను ఆ నగరసభకే విన్నవించుకొనేది. నగరసభ ఎదుట ఒక మందుల దుకాణం ఉన్నది. కనీసం 1422 నుండి అది అక్కడ నడుస్తున్నట్లు పత్రాలున్నవి. ఆరు వందల ఏండ్లలో ఏలినవారు మారారు, భాషలు మారినవి, జ్వరాలు మాత్రం మారలేదు గాబోలు. ఆ జనసమ్మర్దంలో ఒక గృహిణి కూరల సంచితో తన ఇంటి గుమ్మం చేరలేక మా గుంపు వెనుక నిలబడిపోయినది. మేము దారి ఇచ్చేవరకు ఆమె ఏమీ అనలేదు. ఈనాటి రేవులకు మేమే దిగుమతి సరుకు. ఆ సరుకు బరువు మోసేది ఆ ఊరివారే.

ఇక స్టాక్‌హోమ్. వేల ద్వీపాల మధ్యగా నౌక గంటల తరబడి మెల్లగా నడిచి నగరం చేరుతుంది. ఇక్కడి మ్యూజియంలో వాసా అనే యుద్ధనౌక ఉన్నది. 1628 ఆగస్టు 10న, 64 ఫిరంగులతో, బంగారు పూత బొమ్మలతో, తొలి ప్రయాణానికి బయలుదేరిన ఈ నౌక సుమారు 1,300 మీటర్లు మాత్రమే నడిచినది. చిన్న గాలి తాకిడికి ఒరిగినది. క్రింది వరుస ఫిరంగుల కన్నాలలోనుండి నీరు చొరబడినది. పట్టణ ప్రజలు చూస్తుండగానే మునిగినది. సుమారు 30 మంది చనిపోయారు. అంతకుముందే రేవులో ఒక పరీక్ష చేశారు. 30 మంది నావికులు డెక్కు మీద ఒక ప్రక్కనుండి మరొక ప్రక్కకు పరుగెత్తగా, నౌక ప్రమాదకరంగా ఊగినది. నౌకాధిపతి పరీక్షను ఆపించాడు గాని, ప్రయాణాన్ని ఆపలేదు. రాజు యుద్ధభూమిలో తొందరపెడుతున్నాడు. కాదని వ్రాసేవాడు లేకపోయాడు. తరువాతి విచారణలో ఎవరినీ దోషిగా తేల్చలేదు.

ముందు చెప్పిన ఉప్పు సంగతి ఇక్కడ వస్తుంది. ఉప్పు సముద్రాలలో కొయ్యను తొలిచి తినే పురుగు, బాల్టిక్‌లోని ఈ చప్పని నీటిలో బ్రతుకలేదు. అందుచేత 333 ఏండ్లు నీటి అడుగున ఉండి కూడా వాసా నిలిచినది. 1956లో దానిని కనుగొన్నారు; 1961 ఏప్రిల్ 24న పైకి తెచ్చారు. కొయ్య బీటలువారకుండా పదిహేడేండ్లు మందునీరు చల్లారు. ఒక దేశం తన పరాభవాన్ని ఇంత శ్రద్ధతో నీటినుండి పైకెత్తి, దీపాలు పెట్టి, వచ్చినవారందరికీ చూపడం నేను మరెక్కడా చూడలేదు.

చివరిది కోపెన్‌హాగెన్. నాలుగవ క్రిస్టియన్ రాజు కాలంలో 1619లో మొదలుపెట్టి కట్టిన వర్తకశాల, నాలుగు డ్రాగన్ల తోకలు పెనవేసుకొన్న శిఖరంతో, ఆ నగరానికి చిహ్నంగా ఉండేది. 2024 ఏప్రిల్ 16న అగ్నిప్రమాదంలో ఆ శిఖరం కూలినది. ఆనాడు దారినపోయేవారు కూడా లోపలి చిత్రపటాలను చేతులమీద బయటికి చేరవేశారు. నేను చూచేసరికి పునర్నిర్మాణం సాగుతున్నది. ఆ రాజు కాలంలోనే 1616లో డేనిష్ ఈస్టిండియా కంపెనీ ఏర్పడినది. 1620లో తంజావూరును ఏలుతున్న మన తెలుగు కవిరాజు రఘునాథనాయకుడు వారికి తరంగంబాడిలో చోటు ఇచ్చాడు. ఆయన బంగారు రేకు మీద వ్రాయించి పంపిన లేఖ డెన్మార్కు ప్రభుత్వ పత్రాగారంలో నేటికీ భద్రంగా ఉన్నది. నాలుగు వందల ఏండ్లు ఒక లేఖను కాపాడడం కూడా అభయమే.

అప్పుడు నాకు మోటుపల్లి గుర్తుకు వచ్చినది. విస్బీ ప్రాకారం లేచిన శతాబ్దంలోనే, 1244-45 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవ చక్రవర్తి ఆ రేవులో శాసనం వేయించాడు. పగిలిన ఓడల సరుకును పూర్వరాజులు బలాత్కారంగా తీసుకొనేవారనీ, తాను మాత్రం నియమితమైన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ దాని సారాంశం. బాల్టిక్ వర్తకులు బ్రతిమాలి, బెదిరించి వ్రాయించుకొన్న అభయం ఇక్కడ రాజు తనంత తాను ఇచ్చాడు.

మా పూర్వులది బందరు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో అక్కడ సుమారు 30,000 మంది ప్రాణాలు కోల్పోయారు. మా తాతగారు కోట వైపు నడుస్తూ, ఎక్కడెక్కడ ఏమి ఉండేదో తాను తన పెద్దలవద్ద విన్నది చెబుతుండేవారు. నేను వినినది సగం, మరచినది సగం. బందరులో 2023లో కొత్త రేవు నిర్మాణం మొదలైనది. కొత్త ఓడలు రావలసినదే. అయితే మునిగిన ఊరి జ్ఞాపకాలు కూడా ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన సరుకే. దానిని సముద్రానికి వదలివేయక, సొంతదారులకు చేర్చవలసిన బాధ్యత ఒడ్డున ఉన్నవారిది. మీ ఇండ్లలో పాత రేవుల కథ ఎరిగిన పెద్దలు ఉంటే ఈ సాయంకాలమే అడగండి. నేను అడగడం ఆలస్యం చేశాను.