పెద్ద తరగతిలో చదవలేని పిల్లలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం ఏటా మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు బహుమతులిస్తోంది. చాలా సంతోషం. ఈ పూట మేము బహుమతి దాకా రాని పిల్లల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు పాఠం చదవమంటే రోజూ "పుస్తకం మరచిపోయాను సార్" అనేవాడు. ఒకనాడు అందరి ముందూ నిలబెట్టి చదవమన్నాము. నోరు పెగల్లేదు. తోటివాళ్ళు నవ్వారు. మర్నాటి నుంచి బడి మాని మెకానిక్ షెడ్డుకు పోయాడు. తప్పు మాదే. ఇంటికి వెళ్ళి అతని తల్లితో ఆ మాటే చెప్పాము.

"మావాడు ఖురాన్ చక్కగా చదువుతాడు గదా మాస్టర్ సాబ్!" అన్నదామె. నిజమే. ఖురాన్‌లో జబర్, జేర్, పేష్ గుర్తులన్నీ ఉంటాయి. పెద్ద తరగతుల ఉర్దూ పుస్తకంలో అవి దాదాపు ఉండవు. తెలుగు గుణింతం కంటికి కనబడుతుంది. ఉర్దూలో చాలామట్టుకు మనమే ఊహించుకోవాలి. మాట ముందే తెలిసినవాడు చదువుతాడు, తెలియనివాడు ఆగిపోతాడు. దాన్ని మొద్దుతనం అనకూడదు.

వాణ్ణి రోజూ ఇరవై నిమిషాలు విడిగా కూర్చోబెట్టుకున్నాము. పది వరుసల్లో కష్టమైన మాటలకు పెన్సిలుతో గుర్తులు పెట్టి, ముక్కలు చేసి పలికించి, అర్థం చెప్పి, అదే పాఠం మూడు రోజులు చదివించాము. నోరు తిరిగాక గుర్తులు చెరిపేశాము. ఒకటో తరగతి ఖాయిదా మాత్రం చేతికివ్వలేదు. ఆ వయసువాడికి అది అవమానం. బండికి క్లచ్ వైరు ఎలా మారుస్తారో వాడు చెప్పగా మేము రాసిందే మొదటి పాఠం! ఇప్పటికీ తడబడతాడు. కాని బడికి వస్తున్నాడు.

బడి మానిన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనుకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. తరగతిలో చేర్చడం తేలికే, పక్కన కూర్చుని చదివించే మనుషులే కావాలి.

అందుకే మా విన్నపం. మగ్రిబ్ నమాజు తరువాత సంఘం హాలు ఒక గంట తెరిచి ఉంచండి. చదువుకున్న యువకులు తలా ఇద్దరు పిల్లల్ని చేపట్టండి. ఆడపిల్లలకు చదువుకున్న మన అక్కచెల్లెళ్ళు వేరే వేళ చెప్పవచ్చు. వచ్చే ఏడు ఒక్క బహుమతైనా, ఆలస్యంగా చదవడం నేర్చిన బిడ్డకు ఇవ్వండి.

చదువుమన్నదే మనకు అందిన తొలి ఆజ్ఞ. దాన్ని పాటించే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.