మెట్ల దగ్గర ఆగిపోయే హక్కు



స్త్రీల హక్కుల సభలో రైలు స్టేషన్ గురించి ఎందుకని మీకు అనిపించవచ్చు. హింస గురించి, ఆస్తి గురించి, కూలి రేట్ల గురించి మనం మాట్లాడుకుంటూనే ఉన్నాం. కానీ ఇల్లు దాటి పనికో, ఆసుపత్రికో, కోర్టుకో చేరలేని స్త్రీకి తక్కిన హక్కులన్నీ కాగితం మీదే మిగిలిపోతాయి. అందుకే న్యూయార్క్‌లోని ఒక మామూలు స్టేషన్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను.

క్వీన్స్‌లో 7వ నెంబరు సబ్‌వే లైను రూజ్‌వెల్ట్ అవెన్యూ పైన ఇనుప స్తంభాల మీద నడుస్తుంది. అక్కడి 82వ వీధి స్టేషన్‌ను 1917లో తెరిచారు. మూడు ట్రాకులు, రెండు పక్కలా ప్లాట్‌ఫారాలు. ఎక్స్‌ప్రెస్ బండ్లు పొద్దున మన్‌హటన్ వైపు, సాయంత్రం తిరుగు దిశలో, ఇక్కడ ఆగకుండా మధ్య ట్రాకు మీద వెళ్ళిపోతాయి. ఆగేవి లోకల్ బండ్లే. అంటే ఆ వేగం ఆఫీసు వేళలకు వెళ్ళివచ్చే ఉద్యోగి కోసం. మధ్యాహ్నం ఇళ్ళు తుడవడానికి, ముసలివాళ్ళను చూసుకోవడానికి, పిల్లను డాక్టరుకు చూపించడానికి వెళ్ళే ఆడవాళ్ళ కోసం కాదు.

ఇక మెట్లు. చంటిబిడ్డ, తోపుడుబండి, సామాన్ల సంచి అన్నీ పట్టుకుని ఎక్కాలి. చక్రాల కుర్చీలో ఉన్న స్త్రీ అసలు ఎక్కనే లేదు. వికలాంగుల హక్కుల చట్టం అమెరికాలో 1990లోనే వచ్చింది. అయినా న్యూయార్క్‌లో 2020 నాటికి సౌకర్యాలు కల్పిస్తామని ఎంపిక చేసింది 100 'ముఖ్యమైన' స్టేషన్లను మాత్రమే. చీరల కొట్లకూ పప్పుల కొట్లకూ మనవాళ్ళు వెళ్ళే 74వ వీధి స్టేషన్‌కు లిఫ్టు వచ్చింది. దాని పక్కదే అయిన 82వ వీధికి రాలేదు. ఏది ముఖ్యమో నిర్ణయించిందెవరు? రైళ్ళు మారే జనాన్ని లెక్కపెట్టారు గానీ, మెట్ల కింద నిలబడిపోయిన మనిషిని లెక్కపెట్టలేదు.

2017లో వికలాంగుల సంఘాలు కోర్టుకెక్కాయి. అప్పటికి 472 స్టేషన్లలో సుమారు నాలుగో వంతుకే సౌకర్యం ఉంది. 2022లో ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం 2055 నాటికి 95 శాతం స్టేషన్లను అందరికీ అందుబాటులోకి తేవాలి. ఇది పోరాడి సాధించుకున్న గెలుపే. కానీ 2022లో తల్లి చంకనున్న బిడ్డకు అప్పటికి 33 ఏళ్ళు వస్తాయి!

మనకు దీనితో ఏం పని? 2017లో మొదలైన హైదరాబాద్ మెట్రో కూడా స్తంభాల మీదే ఉంది. లిఫ్టులు మొదటినుంచీ పెట్టారు, సంతోషం. అయితే లిఫ్టు దిగాక ఏముంది? ఫుట్‌పాత్ ఉందా? వీధిదీపం వెలుగుతోందా? రోడ్డు దాటే దారి ఉందా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రవాణా సౌకర్యాలు అందరికీ అందాలంటోంది. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు.

నేను కోరేదొక్కటే. ప్రతి సంఘమూ తన దగ్గరి స్టేషన్‌కు, బస్టాండుకు వెళ్ళాలి. గర్భిణిని, వృద్ధురాలిని, వికలాంగ స్త్రీని వెంటబెట్టుకుని అక్కడ నడిచి చూడాలి. ఎక్కడ ఆగిపోయామో రాసుకోవాలి. ఆ కాగితంతో, సమాచార హక్కు దరఖాస్తుతో మున్సిపాలిటీ తలుపు తట్టాలి. న్యూయార్క్ స్త్రీలు వందేళ్ళకు పైగా ఎక్కిన మెట్లను మన పిల్లలకు వారసత్వంగా ఇవ్వొద్దు.